లార్క్యా కనుమ, బావగారి కాటా

సూర్యం: శ్రోతలందరికీ నమస్కారం. నేపాల్‌లో మనాస్లు పర్వతాన్ని చుట్టివచ్చే కాలినడక దారి గురించి, ముఖ్యంగా లార్క్యా కనుమ దాటే రోజు గురించి ఈ వారం మాట్లాడతామని మాట ఇచ్చాము. పోయినసారి మాటల్లో వచ్చిన ఉలవచారు పొట్లం ఏమైందని అడుగుతున్నవారికి కిరణే జవాబు చెప్పాలి.

కిరణ్: ఆ సంగతి మన మధ్య ముగిసిపోయింది, బావగారూ. పైగా అక్క ఈ కార్యక్రమం వింటుంది.

సూర్యం: సరే, దారిలోకి వద్దాం. మాఛాఖోలా అనే ఊరి దగ్గర జీపు దిగాక బుఢీ గండకీ నది లోయ వెంట రోజుల తరబడి ఎక్కుతూ దిగుతూ పోవాలి. 900 మీటర్ల ఎత్తులోని ఉక్కపోతలో మొదలైన నడక 5,000 మీటర్లు దాటిన మంచులోకి తీసుకుపోతుంది. 1991లో ఈ దారిని విదేశీయులకు తెరిచారు కానీ, నేటికీ ప్రత్యేక అనుమతి, లైసెన్సు ఉన్న గైడు లేనిదే ముందుకు పోనివ్వరు.

కిరణ్: కనుమ మీది బోర్డులో ఎత్తు 5,106 మీటర్లని ఉంటే, చాలా పుస్తకాలు 5,160 అంటున్నాయి.

సూర్యం: కొండ ఎత్తు ఎవరు ఎంత రాసుకున్నా కొండకు నష్టం లేదు. మూట బరువు తప్పు చెబితే మాత్రం మోసేవాడి మెడ విరుగుతుంది. అందుకే నా స్ప్రింగ్ కాటా...

కిరణ్: వచ్చేసింది కాటా! ఈసారి ఇంకా ముందే వస్తుందని అనుకున్నాను.

సూర్యం: నవ్వుకో. ఇద్దరు యాత్రికులకు ఒక పోర్టరు అన్నది అక్కడి మామూలు లెక్క. మన రెండు సంచులూ, వాటి మీద అతని దుప్పటీ బట్టలూ కలిస్తే ఎంతయిందో తూచకుండా ఎవరు చెప్పగలరు? ఒక నేపాలీ యువకుడు యాత్రలో పోర్టరుగా పనిచేస్తూ అన్యాయంగా ప్రాణం పోగొట్టుకున్నాక, 1997లో పోర్టర్ల రక్షణ కోసం ఒక అంతర్జాతీయ బృందం ఏర్పడింది. నేపాల్‌లో 30 కిలోలకు మించి మోయించవద్దని అది చెబుతోంది. ఆ 30లో అతని సొంత సామాను కూడా ఉండాలంటాను నేను.

కిరణ్: మీరు బరువు చూస్తున్నారు, నేను కూలి చూస్తున్నాను. పొలం పనులు లేని రోజుల్లో కింది ఊళ్ళ నుంచి వచ్చే కుర్రవాళ్ళకు ఇదే రాబడి. నా సంచి నేనే మోసుకుంటానని మనం గొప్పకు పోతే, ఎవరి ఇంట్లోనో ఆ డబ్బు తగ్గుతుంది.

సూర్యం: మోసుకుంటానని ఎవరన్నారు? ఇద్దరి పని ఒకడి చేత చేయించవద్దన్నాను. సగం బరువుకు పూర్తి కూలి ఇస్తే, పనిలోకి వచ్చేవారి సంఖ్య కూడా పెరుగుతుంది.

కిరణ్: ధర కూడా పెరుగుతుంది. అప్పుడు యాత్రికులు పక్క ఏజెన్సీకి పోతారు, ఆ ఏజెన్సీ 40 కిలోలు ఎత్తిస్తుంది. మీ కాటా ఒక్క బృందాన్ని తూచగలదు కానీ, బజారును తూచలేదు.

సూర్యం: బజారు పేరు చెప్పి మనం తప్పుకుంటున్నాము. మూటను తలకు తగిలించే నామ్లో అనే పట్టీ ఎక్కడ పడుతుందో నువ్వే చూశావు కదా! నుదుటి మీద కాదు, నడినెత్తికి కాస్త ముందు ఆనుతుంది. బరువంతా మెడ మీదుగా వెన్నులోకి దిగుతుంది. ఒకసారి మూట కిందికి దించితే మళ్ళీ ఎత్తుకోవడం కష్టం కనుక, టి ఆకారంలో ఉండే తోక్మా కర్రను మూట కింద ఆనించి, నిలబడే ఊపిరి తీసుకుంటారు. కంచర గాడిదల బారు ఎదురైనప్పుడు మనం కొండ వైపుకు ఒరిగి నిలబడితే చాలు. వాళ్ళకు ఆ మూటతో ఒరగడానికి చోటెక్కడ ఉంటుంది?

కిరణ్: మనాస్లు కింది ఊరు సామాగావ్‌లో మన పోర్టరు కుర్రవాడు ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పిని దాచిపెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, బావగారూ. చెబితే కిందికి పంపేస్తారనీ, మిగిలిన రోజుల కూలి పోతుందనీ భయపడ్డాడు.

సూర్యం: కొండల్లో పుట్టినవారికి ఎత్తు ఏమీ చేయదని మనవాళ్ళు తేలికగా అనేస్తారు. వారిలో చాలామంది ఊళ్ళు మన అరకు అంత ఎత్తులోనో, ఇంకా కిందనో ఉంటాయి. 3,000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్న సూత్రం వారికీ వర్తిస్తుంది.

కిరణ్: కనుమ గురించి మనం ఇంకా ఏమీ చెప్పలేదు.

సూర్యం: చెప్పడానికేముంది? చీకటితోనే కనుమ కింద ధర్మశాల అనే మజిలీ నుంచి బయలుదేరి, గాలి ముదరకముందే దాటాలి. ఆ తరువాత అవతలి వైపు మజిలీ బిమ్‌తాంగ్ దాకా 1,500 మీటర్ల దిగుడు మోకాళ్ళను పరీక్షిస్తుంది. అంతే.

కిరణ్: మనాస్లు శిఖరం చరిత్ర కూడా చెబుతామన్నారు. 1954లో సామాగావ్ ప్రజలు జపాన్ బృందాన్ని అడ్డుకున్నారు. మంచుచరియలు విరిగిపడి బౌద్ధ ఆశ్రమం ధ్వంసం కావడానికి అంతకుముందు వచ్చిన ఆరోహకుల మీద దేవతలకు కలిగిన కోపమే కారణమని వారు నమ్మారు.

సూర్యం: 1956 మే 9న జపాన్ ఆరోహకుడు తోషియో ఇమానిషీతో పాటు షెర్పా గ్యాల్జెన్ నోర్బు కూడా తొలిసారిగా శిఖరం చేరాడు కనుక ఆ పేరైనా నిలిచింది. వాళ్ళిద్దరి గుడారాలను లోయ నుంచి మోసుకొచ్చినవారి పేర్లు నీకు తెలుసా? ఆ మూటలను ఎవరైనా తూచారా?

కిరణ్: మళ్ళీ కాటా దగ్గరికే వచ్చారు. ఎత్తు పడనివారు వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ఒక శ్రోత అడిగారు, దానికి జవాబు చెప్పండి.

సూర్యం: వైద్యుణ్ణి అడిగి వేసుకోవాలి. అయినా ఎత్తు పడకపోతే కిందికి దిగడమే అసలు మందు. మరి పోర్టరుకు ఆ మాత్ర ఎవరిస్తారు? నువ్వు వెనకేసుకొస్తున్న ఏజెన్సీల లెక్కల్లో అది ఏ పద్దు కింద ఉంది?

కిరణ్: ఆ లెక్కల జాబితా నా దగ్గర లేదు, తెప్పించి చూస్తాను. బావగారూ, రికార్డరు చార్జింగు అయిపోయేలా...