94 తెచ్చుకుంటే 70 వేస్తారా? రీటేక్ పేరుతో జరుగుతున్నది ఇదీ!

94. ఏపీ స్టాట్స్ (స్టాటిస్టిక్స్) రీటేక్‌లో, అంటే మళ్లీ రాసిన టెస్టులో, మావాడు తెచ్చుకున్న మార్కులు. గ్రేడ్‌బుక్‌లో పడింది 70. మిగతా 24 మార్కులు ఎటు పోయాయండీ?

నమస్తే. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అని టెక్సాస్‌లో ఉన్న మనవాళ్లకి చెప్పక్కర్లేదు. ఈ రీటేక్ గొడవ మీ వాట్సాప్ గ్రూపుల్లోనూ నడుస్తూనే ఉంటుంది. మావాడి క్లాసులో రూల్ ఇదీ: హోంవర్క్‌కి 10 శాతం, క్విజ్‌లకి 30, టెస్టులకి 60. క్విజ్‌కి రీటేక్ లేదు. టెస్టులో 70 కన్నా తగ్గితేనే రీటేక్, అదీ హోంవర్క్‌లన్నీ టైముకి ఇచ్చినవాడికే. ఎంత బాగా రాసినా 70 దాటనివ్వరు.

నేను సూటిగా చెప్తా. ఇది రెండో అవకాశం కాదు, జరిమానా.

మావాడు మొదటిసారి ఎందుకు పోగొట్టుకున్నాడో వినండి. పీ-వాల్యూ అంటే నల్ హైపోథిసిస్ ("తేడా ఏమీ లేదు" అని ముందుగా అనుకునే మాట) నిజం కావడానికి ఉన్న అవకాశం అని రాశాడు. తప్పే! పెద్దపెద్దవాళ్లు కూడా చేసే తప్పు. 64 వచ్చింది. రెండు వారాలు కూర్చుని చదివాడు. ఒకరోజు అన్నం తింటూ వాళ్లమ్మకి నాణెం ఎగరేసి మరీ చెప్పాడు: "నాణెంలో మోసం లేదనే అనుకుందాం అమ్మా. అలా అనుకున్నప్పుడు, ఇప్పుడు పడినట్టుగానో, ఇంతకన్నా వింతగానో పడే అవకాశం ఎంతో, అదీ పీ-వాల్యూ." మా ఆవిడకి కూడా అర్థమైంది. మరి అలా చెప్పినవాడికి 70 వేస్తారా, 94 వేస్తారా?

ఇంకో చోద్యం చూడండి. 69 వచ్చినవాడు రాత్రంతా మేలుకుని చదివితే వాడికి దక్కేది ఒక్క మార్కు. ఒక్కటి! 72 వచ్చినవాడికి అసలు రీటేకే లేదు. ఇక ఎవడు చదువుతాడండీ?

టెక్సాస్‌లో 2009లో ఒక చట్టం వచ్చింది. పాఠం పిల్లాడికి ఎంతవరకు వచ్చిందో గ్రేడ్ అది చూపించాలంది. ఫెయిలైనవాళ్లకి మళ్లీ రాసే అవకాశం ఇవ్వొచ్చని కూడా అంది. మావాడికి వచ్చిందెంత? 94 అంత. మరి ఆ 70 చూపిస్తున్నది ఏమిటి?

పోయినసారి ఒకాయన కామెంట్ పెట్టారు, "రెండుసార్లు రాయించి ఎక్కువొచ్చింది తీసుకుంటే అదృష్టం కూడా లెక్కలోకి వస్తుంది, మార్కు ఉబ్బుతుంది" అని. కరెక్టే సార్, ఒప్పుకుంటున్నా. మరి జేఈఈ మెయిన్ జనవరిలో, ఏప్రిల్‌లో రెండుసార్లు రాస్తే మంచి స్కోరే కదా తీసుకునేది? మన ఇంటర్ ఇంప్రూవ్‌మెంట్‌లో కూడా ఎక్కువొచ్చిందే ఉంచుతారు కదా? ఇక్కడ కాలేజీ అడ్మిషన్లకి రాసే శాట్‌లో అయితే చాలా యూనివర్సిటీలు ఒక్కో సెక్షన్‌లో మంచి స్కోరు ఏరి మరీ కలుపుతాయి. లక్షలమంది రాసే పరీక్షలకి లేని పట్టింపు ముప్ఫై మంది క్లాసుకి ఎందుకు? సరే, అంతగా భయమైతే కొత్త పేపరు ఇవ్వండి, రెండోసారి వచ్చిందే ఫైనల్ అనండి. తగ్గినా అదే. అప్పుడు అదృష్టం గొడవే ఉండదు, ఊరికే రాసి చూద్దాంలే అనుకునేవాడూ రాడు.

ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన మన సి.ఆర్.రావు గారు 1945లోనే ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి హద్దు కనిపెట్టారు. ప్రపంచమంతా స్టాట్స్‌లో ఆయన పేరుతో చెప్పుకునే హద్దు అది. ఆ హద్దు లెక్కల్లోంచి వచ్చింది. ఈ 70 హద్దు ఎక్కణ్ణుంచి వచ్చింది?

నా అనుమానం చెప్తా, తిట్టుకున్నా సరే. టీచర్ల నుంచి కాదు, మన నుంచే. ర్యాంకు! ఆస్టిన్‌లో యూటీ (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) క్లాసు ర్యాంకు చూసి నేరుగా సీటిచ్చే ఆటోమేటిక్ అడ్మిషన్ 2026 ఫాల్ నుంచి క్లాసులో టాప్ 6 శాతం కాస్తా టాప్ 5 శాతమైంది. పక్కింటి పిల్లాడి 64 కాస్తా 94 అయితే మన పిల్ల ర్యాంకు జారుతుంది. అందుకే స్కూలు మీటింగులో "రీటేక్‌కి లిమిట్ ఉండాలండీ, డిసిప్లిన్ పోతుంది" అని ముందు లేచేది మనవాళ్లే. నేను కళ్లారా చూశా. డిసిప్లిన్ అట!

హోంవర్క్ షరతు కూడా అంతే. లేటుగా ఇచ్చినవాడికి స్టాట్స్ రాదని ఎవరు చెప్పారు? మే నెలలో ఏపీ పరీక్షలో బిట్లు, ఆపైన పెద్ద ప్రశ్నలు ఇస్తారు. నువ్వు అక్టోబర్‌లో హోంవర్క్ ఏ రోజు ఇచ్చావని ఆ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ వాళ్లు అడగరు.

వచ్చే వారం మావాడికి స్టాట్స్‌లో కై-స్క్వేర్ అనే పాఠం మీద టెస్టు. ఒకవేళ తక్కువొస్తే మళ్లీ అలాగే చదువుతావా నాన్నా అని అడిగా.

"70కి ఎంత కావాలో అంతే చదువుతా డాడీ" అన్నాడు.