ఏజెంటు ఎవరి మనిషి?

(టూరిజం డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఈ వేసవిలో ఏదో ఒక ట్రావెల్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి చేరతారు. మీ మెడలో వేసే కార్డు మీద ‘ఏజెంట్’ అని ఉండకపోవచ్చు. ట్రావెల్ కన్సల్టెంట్, హాలిడే ఎక్స్‌పర్ట్, ట్రావెల్ డిజైనర్... ఇలాంటిదేదో ఉంటుంది. మొదటి నెలంతా చేసేది పాస్‌పోర్టులు జెరాక్స్ తీయడమే అనుకోండి! అయినా ఈ పేర్లు ఊరికే మారలేదు. మనకు డబ్బిచ్చే చెయ్యి మారింది, దాని వెనకే పేరూ మారింది.

మేం ఈ పనిలోకి వచ్చినప్పుడు విమానం టికెట్ అంటే చిన్న పుస్తకం. లోపల కూపన్లు, వాటి వెనక ఎర్ర కార్బన్. గట్టిగా నొక్కి రాయాలి, లేకపోతే కింది కాపీలో అక్షరం పడదు. సాయంత్రానికి వేళ్ళు ఎర్రబడేవి. టికెట్ మీద ఎయిర్‌లైన్ 9 శాతం కమీషన్ ఇచ్చేది. ప్యాసింజర్ మాకు విడిగా పైసా ఇచ్చే పని లేదు, కాబట్టి ఉచితంగా చేసిపెడుతున్నాం అనుకునేవారు. లెక్క ప్రకారం మేం ఎయిర్‌లైన్ మనుషులం. ఐయాటా, అంటే అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం; దాని గుర్తింపు ఉన్న ఏజెంటు అంటేనే ఎయిర్‌లైన్ తరఫున అమ్మేవాడు. ఎంత ఖరీదైన టికెట్ అంటగడితే అంత కమీషన్. ఇందులో చిక్కేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఏర్పాటు అమెరికాలో 1995లోనే బీటలు వారింది, ఎయిర్‌లైన్లు కమీషన్‌కి పరిమితి పెట్టాయి. మన దగ్గర మెల్లగా తగ్గుతూ వచ్చి, 2008లో పెద్ద ఎయిర్‌లైన్లు సున్నా అనేశాయి. ఏజెంట్లు గొడవపడ్డారు, కొన్ని కంపెనీల టికెట్లు అమ్మబోమని భీష్మించారు. అదే ఏడాది జూన్ 1 నుంచి ఐయాటా కాగితం టికెట్లు ఎత్తేసింది. రైలు టికెట్లు 2002 నుంచే ఐఆర్‌సీటీసీలో దొరుకుతున్నాయి. ఇక బస్సుల సంగతి: పండక్కి ఇంటికి వద్దామంటే బెంగళూరులో టికెట్ దొరక్క, మన ఫణీంద్ర సామా స్నేహితులతో కలిసి 2006లో రెడ్‌బస్ పెట్టారు. దాంతో బస్సు టికెట్ కౌంటర్ల ముందు రద్దీ కూడా పలచబడింది.

అమెరికా ఏజెంట్ల సంఘం 1931 నాటిది. 2018లో తన పేరులోంచి ‘ఏజెంట్స్’ తీసేసి ‘అడ్వైజర్స్’ పెట్టుకుంది. 1951లో పుట్టిన మన సంఘం మాత్రం ఇప్పటికీ ట్రావెల్ ఏజెంట్స్ అసోసియేషనే. నాకది నామోషీగా ఏమీ అనిపించదు. కాకపోతే మన జిల్లాల్లో ఆ మాటకి మచ్చ పడింది. జగిత్యాలలోనో కోనసీమలోనో ‘ఏజెంటు’ అని చూడండి, గల్ఫ్ పంపిస్తానని లక్షలు వసూలు చేసి ముఖం చాటేసినవాడే ముందు గుర్తొస్తాడు. అలాంటి దేశాల్లో పనికి మనుషుల్ని పంపాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. టికెట్లు అమ్మే షాపుకి ఆ హక్కు లేదు. మీ ఓనరు “కుర్రాళ్ళని విజిట్ వీసా మీద పంపేద్దాం, పని అక్కడ చూసుకుంటారు” అన్నాడంటే ఆ రోజే మానేసి వచ్చేయండి.

సరే, టికెట్ ఫోన్లోనే దొరుకుతుంటే మన మెట్లెక్కేదెవరు? డల్లాస్‌లో కూతురి పురిటికి వెళ్ళే అమ్మానాన్నలు ఎక్కుతారు. అల్లుడు చౌకలో ఒక దారి వెతికి వాట్సాప్‌లో పంపుతాడు. దుబాయ్ దాకా ఒక ఎయిర్‌లైన్, అక్కణ్ణుంచి ఇంకొకటి, రెండు పీఎన్‌ఆర్‌లు. మొదటిది ఆలస్యమైతే రెండో టికెట్ డబ్బు గోవిందా. పైగా సామాను మధ్యలో తీసుకుని మళ్ళీ చెక్-ఇన్ చేయాల్సి వస్తే బయటికి రావాలి, దానికి వీసా కావాలి. అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, ‘లక్ష్మి’ అని ఒక్క మాటే ఉందనుకోండి. ఒక్క పేరుతో ఉన్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాకి యూఏఈ 2022 నవంబరు నుంచి ఒప్పుకోవడం లేదు. ఇది ముందే పట్టుకోవడమే మీ పని. ఒకే పీఎన్‌ఆర్, మధ్యలో మూడు గంటల వ్యవధి, వెజ్ భోజనం, వీల్‌చెయిర్. ఆవిడ చక్కగా నడవగలదు, వీల్‌చెయిర్ అడిగేది దారి చూపే మనిషి కోసం. ఇది నిజంగా నడవలేనివాళ్ళకి అన్యాయం అనేవాళ్ళున్నారు, వాళ్ళ మాటా కొట్టిపారేయలేను.

2020 మార్చిలో విమానాలు ఆగిపోయినప్పుడు మన సంగతి అందరికీ తేటతెల్లమైంది. డబ్బు ఎయిర్‌లైన్ దగ్గర, తిట్లు మనకి. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు లాక్‌డౌన్ టికెట్ల రిఫండ్ మీద తీర్పిస్తూ, ఏజెంటు ద్వారా కొన్నవాటి సొమ్ము ఏజెంటుకి రాగానే ప్యాసింజర్‌కి అందజేయాలంది. తీర్పు వచ్చేలోపు ఫోన్లు ఎత్తినవాళ్ళ దగ్గరికే జనం మళ్ళీ వచ్చారు.

మరి మన కూలి ఎవరివ్వాలి? ప్యాసింజరే. మనవాళ్ళతో ఇదో తంటా. టికెట్ రేటులో అయిదొందలు కలిపేస్తే కిమ్మనరు, ‘సర్వీస్ చార్జీ’ అని విడిగా రాస్తే మాత్రం బేరం మొదలుపెడతారు. అయినా విడిగానే రాయండి, దాని మీది 18 శాతం జీఎస్టీతో సహా. హోటలువాడు, ఇన్సూరెన్సువాడు మీకు కమీషన్ ఇస్తుంటే ఆ మాటా చెప్పండి. అది దాచిపెట్టి కార్డు మీద అడ్వైజర్ అని వేయించుకుంటే మీరు పాత ఏజెంట్లే.

ఇక మీ ప్రశ్నలు. జీతం ఎంతిస్తారని అడిగినా ఫర్వాలేదు.