హీటర్ ఫ్యాన్ ఆగిపోతే ముందు ఏం చూడాలి? శ్రోతలతో ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. వాహనాల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. కారు ఎలక్ట్రికల్ పనిలో బాగా చెయ్యి తిరిగిన మెకానిక్ గారు స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. మా కారులో హీటర్ ఫ్యాన్ ఆగిపోయింది. నాబ్ ఎటు తిప్పినా చప్పుడే లేదు. పొద్దున్నే అద్దం మీద ఆవిరి పట్టేస్తోంది. ఒక చేత్తో తుడుచుకుంటూ నడుపుతున్నాను.

మెకానిక్: నమస్కారమమ్మా. ముందు ఆ పని మానెయ్యండి. అద్దం పూర్తిగా తేటపడ్డాకే బండి కదిలించండి. దారిలో మసకేస్తే పక్కకు ఆపండి. సరే, ఫ్యాన్ ఉన్నట్టుండి ఆగిందా, అంతకుముందు ఏమైనా ఇబ్బంది పెట్టిందా?

శ్రోత: పెట్టిందండీ. మొదట ఒకటి, రెండు, మూడు మీద రాకుండా నాలుగు మీదే తిరిగేది. ఫ్యాన్ స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయిందన్నారు, మార్పించాం. కొన్నాళ్లు బానే ఉంది. మళ్లీ అదే వరస. ఇప్పుడు నాలుగు మీద కూడా రావట్లేదు.

మెకానిక్: ఇలా వరసగా చెప్పారు చూడండి, సగం పని అయిపోయింది. నాబ్ ఉన్న చాలా కార్లలో తక్కువ స్పీడ్లకు కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది. ఆఖరి స్పీడుకు దాన్ని దాటేసి నేరుగా మోటారుకు వెళ్తుంది. అందుకే కింది స్పీడ్లు పోయి పైది మిగిలితే రెసిస్టర్ మీదే అనుమానం. అయితే అది ఒకసారి మార్చాక మళ్లీ కాలిందంటే తప్పు దానిది కాకపోవచ్చు. దాన్ని కాల్చేది ఇంకోటి ఉందన్నమాట. అది వెతక్కుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది.

శ్రోత: ఫ్యూజు చూశామండీ, బానే ఉంది. పోతే కొంచెం ఎక్కువ ఆంపియర్లది వేద్దామంటున్నారు మా వారు.

మెకానిక్: వద్దమ్మా, ఆ మాట మటుకు వినొద్దు. ఫ్యూజు ఉన్నదే వైరు కాలకముందు తాను పోవడానికి. పెద్దది వేస్తే ఫ్యూజు నిలబడుతుంది, డ్యాష్‌బోర్డు లోపల వైరు కాలుతుంది. ఫ్యూజు పెట్టె మూత మీద ఎంత రాసుంటే అంతే వెయ్యాలి. మీరిప్పుడు కారు దగ్గర ఉన్నారా?

శ్రోత: కార్లోనే కూర్చున్నానండీ.

మెకానిక్: మంచిది. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ వరకూ తిప్పండి. ఫ్యాన్ నాలుగు మీద పెట్టండి. చాలా కార్లలో ఫ్యాన్ తిప్పే బ్లోయర్ మోటారు ఎడమవైపో కుడివైపో, గ్లవ్ బాక్స్ కింద, కాళ్లు పెట్టుకునే చోట పైన ఉంటుంది. గుండ్రంగా కనిపిస్తుందా? పసుపు రంగు వైర్లు ఏమైనా ఉంటే ముట్టుకోవద్దు, అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగువి.

శ్రోత: కనిపించిందండీ. పసుపువి దూరంగానే ఉన్నాయి.

మెకానిక్: స్క్రూడ్రైవర్ పిడితో మోటారు ఒంటి మీద మెల్లగా రెండు దెబ్బలు తట్టండి.

శ్రోత: ఆఁ... తిరిగింది! తిరిగిందండీ! అయ్యో, మళ్లీ ఆగిపోయింది.

మెకానిక్: దొరికింది. మోటారుకు కరెంటు వస్తోంది. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి సరిగ్గా తగలట్లేదు, తడితే తగులుతున్నాయి. తట్టుకుంటూ నడపొచ్చని మటుకు అనుకోకండి. ఇది గుర్తుపట్టడానికే. ఆగిపోయే ముందు ఏమైనా కీచుమనేదా?

శ్రోత: కీచుమనేదండీ, చలిలో ఎక్కువగా.

మెకానిక్: అయితే బేరింగు కూడా అరిగినట్టుంది. బిగుసుకున్న మోటారు మామూలుకంటే ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ వేడికే మీ రెసిస్టర్ కాలి ఉండాలి. రెసిస్టర్‌ను గాలి దారిలోనే బిగిస్తారు, ఫ్యాన్ గాలికి చల్లబడాలని. కార్లోకి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టరు మూసుకుపోతే ఆ గాలీ తగ్గుతుంది. కాబట్టి మోటారు, రెసిస్టర్ కలిపి మార్పించండి, ఫిల్టరు చూపించండి. ఇంకొకటి, రెసిస్టర్ కప్లర్, అంటే వైర్లు తగిలించే ప్లగ్గు, విప్పి చూడమనండి. ప్లాస్టిక్ కరిగో, పిన్ను నల్లబడో ఉంటే కప్లర్ కూడా కొత్తది వెయ్యాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు. కొత్త రెసిస్టర్‌ను వదులు కప్లర్‌లో గుచ్చితే అక్కడే మళ్లీ వేడెక్కుతుంది.

శ్రోత: తట్టినా తిరగకపోయి ఉంటే ఏం చేసేవారండీ?

మెకానిక్: మంచి ప్రశ్న. మోటారు కప్లర్ దగ్గర వోల్టేజి కొలిచే మల్టీమీటర్ పెట్టి చూస్తాం. ఆఖరి స్పీడు మీద రెండు పిన్నుల మధ్య 12 వోల్టుల దగ్గర చూపిస్తూ మోటారు తిరగకపోతే మోటారు పోయినట్టే. వోల్టేజి రాకపోతే వెనక్కి వెళ్లాలి: ఫ్యూజు, మోటారుకు కరెంటు కలిపే రిలే, స్విచ్చి, ఎర్త్ వైరు. ఎర్త్ తుప్పు పట్టినా ఇదే తంతు. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో మటుకు రెసిస్టర్ బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. అక్కడ నేను చెప్పిన స్పీడ్ల లెక్క పనికిరాదు.

యాంకర్: ధన్యవాదాలమ్మా. ఇంకో కాల్ ఉంది. హలో?

రెండో శ్రోత: నమస్తే సార్. నాకు ఫ్యాన్ గట్టిగానే తిరుగుతోంది. గాలే చల్లగా వస్తోంది. ఫ్యాన్ మార్చాలా?

మెకానిక్: వద్దు బాబూ, నీ ఫ్యాన్ పని అది చేస్తోంది. పెట్రోలు, డీజిల్ బండ్లలో వేడి వచ్చేది ఇంజన్ కూలెంట్ నుంచి, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం నుంచి. అది డ్యాష్‌బోర్డు వెనకున్న హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్ లాంటి దాంట్లో తిరుగుతుంది, ఫ్యాన్ దాని మీదుగా గాలి తోస్తుంది. కూలెంట్ తగ్గిందేమో చూశావా?

రెండో శ్రోత: ఈ మధ్య తరచూ పోస్తున్నాను సార్.

మెకానిక్: కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉందా? తియ్యటి వాసన?

రెండో శ్రోత: ఉంది సార్, జిగటగా కూడా ఉంది. వాననీళ్లనుకున్నాను.

మెకానిక్: వాననీళ్లు జిగటగా ఉండవు. హీటర్ కోర్ కారుతోంది. ఇలాగే నడిపితే ఇంజన్ వేడెక్కి దాని పైభాగం, హెడ్, దెబ్బతింటుంది. బండి ఆపేసి వర్క్‌షాపుకు లాగించుకుని వెళ్లు. ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తియ్యకు, ఒళ్లు కాలుతుంది. ఆ కార్పెట్ ఈరోజే తీసి కడిగించు. కూలెంట్ విషం, తియ్యగా ఉంటుంది కాబట్టి పిల్లల్నీ కుక్కల్నీ ఆ దరిదాపులకు రానివ్వకు.