గెఘార్డ్ కొండ లోపల

అందరికీ నమస్కారం. ఫొటోలు తెచ్చాను గానీ ముందే చూపించను. నేను చెప్పబోయేదంతా చీకటి గదుల గురించి. వాటిలో నా ఫోను తీసినవి మసక మరకలు.

ఆర్మేనియా రాజధాని యెరెవాన్ నుంచి కారులో గంట ప్రయాణం. ఆజాత్ నది లోయలో, నిటారు కొండల నడుమ గెఘార్డ్ మఠం. 4వ శతాబ్దంలో, ఆర్మేనియాను క్రైస్తవంలోకి తెచ్చిన సెయింట్ గ్రిగోర్ ఇక్కడి ఊట దగ్గర దీన్ని స్థాపించాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పాతపేరు ఐరివాంక్, అంటే గుహామఠం. గెఘార్డ్ అంటే ఈటె. యేసును పొడిచిన ఈటె ఒకప్పుడు ఇక్కడ ఉండేదని నమ్మకం. ఇప్పుడది ఆర్మేనియా చర్చికి ప్రధాన పీఠమైన ఎచ్మియాద్జిన్‌లో ఉంది.

బయట ఆడవాళ్లు గాటా అమ్ముతారు. పళ్ళెమంత రొట్టె, లోపల వెన్న, పంచదార, పిండి కలిపిన పూర్ణం. బొబ్బట్టు అనుకుని కొన్నాను. కాదు, పొడిపొడిగా రాలుతుంది. అయినా సగం అక్కడే అయిపోయింది.

1215లో కట్టిన ప్రధాన చర్చి అందంగానే ఉంది, కానీ అది పేర్చిన రాయి. పక్క ద్వారం దాటితే గోడా కొండే, కప్పూ కొండే. 13వ శతాబ్దంలో తొలిచిన గదులివి. స్తంభాలను ఎవరూ మోసుకొచ్చి నిలబెట్టలేదు. చుట్టూ ఉన్న రాయిని తీసేస్తే మిగిలినవి. ఉండవల్లి చూసినవాళ్లకు ఆ పనితనం తెలుసు. కట్టేటప్పుడు రాయి వంకరగా పడితే తీసి మళ్లీ పెట్టొచ్చు. ఇక్కడ ఉలి జానెడు ఎక్కువ దిగితే ఆ స్తంభం గతి అంతే! ఒక గదిలోనైతే ఆ ఊట ఇప్పటికీ పారుతోంది. కళ్లు చీకటికి అలవాటు పడకముందే నీళ్ల చప్పుడు వినిపిస్తుంది.

పక్కది 1283 నాటి ప్రోష్ ప్రభువుల సమాధి మందిరం. గోడ మీద గొలుసుతో కట్టిన రెండు సింహాలు, వాటి కింద గొర్రెపిల్లను గోళ్లతో పట్టిన గద్ద. చనిపోయినవాళ్ల గదిలో ఇంత దర్పం ఎందుకో అనిపించింది నాకు.

బయటి మెట్లెక్కితే 1288 నాటి పై మందిరం. కప్పు నడుమ రంధ్రంలోంచి కాస్త వెలుతురు, నాలుగు స్తంభాలు. ఎవరూ లేరని కూనిరాగం తీశాను. నా గొంతు సంగతి మీకు తెలుసు. అక్కడ మాత్రం నలుగురు కలిసి పాడినట్టు మోగింది. హుషారొచ్చి ఇంకాస్త పెంచాను. మూలన నేలలో ఒక కన్నం ఉంది, కింది మందిరంలోకి. వంగి చూస్తే ఒక పెద్దావిడ, చేతిలో కొవ్వొత్తితో, తలెత్తి నన్నే చూస్తోంది. టక్కున నోరు మూశాను. ఆవిడ వేలు పైకెత్తి, పాడమన్నట్టు గాల్లో తిప్పింది.