బ్యాటరీ బొమ్మ వెలిగితే తప్పు బ్యాటరీదేనా?

అందరికీ నమస్కారం.

లోపలికి వస్తూ ముందు వరుసలో కూర్చున్న నలుగురిని ఒక ప్రశ్న అడిగాను. "కారు నడుపుతుండగా ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలిగితే ఏం చేస్తారు?" అని. ముగ్గురు "కొత్త బ్యాటరీ వేయిస్తాం" అన్నారు. నాలుగో ఆయన "ఆరిపోతుందేమో అని చూస్తూ నడుపుతాను" అన్నారు. ఆయన నిజాయితీ నాకు నచ్చింది. మనలో చాలామంది చేసేది అదే.

ముందు ఆ బొమ్మ సంగతి తేల్చుకుందాం. దాని మీద బ్యాటరీ గీశారు కానీ అది చార్జింగ్ దీపం. ఇంజిన్ తిరుగుతుండగా వెలిగిందంటే గాదెలో గింజలు పుచ్చిపోయాయని కాదు, గాదెలోకి కొత్త గింజలు రావడం లేదని. బ్యాటరీ ముసలిదై పొద్దున్నే సెల్ఫ్ తీసుకోకపోయినా, ఒకసారి ఇంజిన్ అందుకున్నాక ఈ దీపం మామూలుగా ఆరిపోవచ్చు. నిన్న వేయించిన కొత్త బ్యాటరీతో కూడా వెలగవచ్చు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం రోగం కూర్చున్నచోటే పట్టుకోవచ్చు. కాబట్టి కాస్త ఓపిక పట్టండి. పాత పద్ధతి కార్లలో ఆ బల్బుకి ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ వైపు, రెండో కొస ఆల్టర్నేటర్ వైపు, అంటే ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించే యంత్రం వైపు, ఉంటుంది. తాళం తిప్పి ఇంకా స్టార్ట్ చేయనప్పుడు బ్యాటరీ కరెంటు బల్బు గుండా వెళ్ళి, తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు దాటి, ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటర్ తీగచుట్టలోకి చేరి దాన్ని అయస్కాంతం చేస్తుంది. అందుకే బల్బు వెలుగుతుంది. ఇంజిన్ అందుకున్నాక ఆల్టర్నేటర్ తన వోల్టేజి తాను పుట్టించుకుంటుంది. బల్బుకి రెండు కొసలా వోల్టేజి సమానమవుతుంది. సమానమైతే కరెంటు పారదు, దీపం ఆరుతుంది. ఇది త్రాసు లాంటిది. ఏ పళ్ళెం ఎందుకు తేలిందో చెప్పదు, తేడా ఉందని మాత్రమే చెబుతుంది.

దీన్నిబట్టి, తాళం తిప్పగానే దీపం వెలగకపోవడం కూడా జబ్బే. బల్బు మాడిందో, వైరు తెగిందో, బ్రష్‌లు అరిగిపోయాయో చూసుకోవాలి. "నా కారులో ఆ దీపం ఎప్పుడూ వెలగదండీ" అని మురిసిపోయేవాళ్ళను చూశాను. ఇప్పటి చాలా కార్లలో దీపం వెలిగించేది కంప్యూటర్. అయినా తాళం తిప్పినప్పుడు వెలగాలి, ఇంజిన్ అందుకున్నాక ఆరాలి. అందులో మార్పు లేదు.

దారిలో ఉండగా వెలిగిందనుకోండి. మొదట ఇంజిన్ వేడి చూపే ముల్లు వైపు చూడండి. చాలా ఇంజిన్లలో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే నీటి పంపునూ తిప్పుతుంది. బెల్టు తెగితే దీపం ముందు వెలుగుతుంది, వేడి వెనకాలే పెరుగుతుంది. అలాంటప్పుడు పక్కకు తీసి ఆపేయడమే. బెల్టు బాగానే ఉండి, వేడి పెరగకపోతే ఏసీ, బ్లోయరు, పాట కట్టేసి ఇంజిన్ ఆపకుండా బాగుచేసే చోటికి వెళ్ళండి. ఒకసారి ఆపితే మళ్ళీ సెల్ఫ్ కొట్టడానికి వందల ఆంపియర్లు కావాలి. ఎంతసేపు నడుస్తుంది అంటారా? 45 ఆంపియర్-అవర్ బ్యాటరీ మీద 25 ఆంపియర్ల భారం ఉంటే లెక్క ప్రకారం దాదాపు రెండు గంటలు. కాగితం లెక్కను నమ్మకండి. పాత బ్యాటరీలో అంత సత్తువ ఉండదు, వోల్టేజి అంతకంటే చాలా ముందే జారిపోతుంది. నేనైతే అరగంట కంటే ఎక్కువ ఆశించను, రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని ఇంకా తక్కువ. కరెంటుతో పనిచేసే పవర్ స్టీరింగ్ ఉంటే అది బిగుసుకుపోవచ్చు, చేతులు సిద్ధంగా ఉంచుకోండి.

ఇక మీటరు. మామూలు మల్టీమీటరు చాలు. బండి కొన్ని గంటలు నిలబడ్డాక బ్యాటరీ మీద 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కిందకు పడకూడదు. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి.

ఇక్కడ నా తెలివితక్కువతనం ఒకటి చెప్పుకోవాలి. నా మొదటి కారులో పగలు దీపం ఆరే ఉండేది, రాత్రి హెడ్‌లైట్లు వేస్తే మసకగా, నిప్పు కణికలా వెలిగేది. బ్యాటరీ మార్చాను. తగ్గలేదు. ఆల్టర్నేటర్ మార్చాను. అప్పుడూ తగ్గలేదు. చివరికి ఒక పెద్దాయన ఏ సామానూ విప్పకుండా లైట్లు, బ్లోయరు అన్నీ వేయించి రెండుచోట్ల కొలిచాడు. ఆల్టర్నేటర్ లావు వైరు బోల్టు దగ్గర 14.4, బ్యాటరీ దగ్గర 12.5. మధ్యలో 1.9 వోల్టులు ఎటు పోయినట్టు? ఆ వైరు కొసన ఉన్న రింగు వదులై, నల్లబడి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. పోయిన వోల్టులన్నీ అక్కడే వేడిగా మారుతున్నాయి. బల్బు ఒక కొసకు 14.4, ఇంకో కొసకు 12.5 అందుతుంటే మసకగా వెలగక ఏం చేస్తుంది? నెలల తరబడి అది ఆ తేడానే చూపిస్తోంది. నేను బొమ్మ చూశాను గానీ వెలుగు ఎంతుందో చూడలేదు. రింగు గీకి, బిగించి, ఆ పెద్దాయన నా ముఖం చూసి నవ్వాడు. రెండు సామాన్లు దండగ.

ఆ పరీక్ష మీరూ చేయండి. ఇంజిన్ తిరుగుతూ, లైట్లు వెలుగుతూ ఉండగా, మీటరు ఒక పుల్ల ఆల్టర్నేటర్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. పుల్లలు, చొక్కా చేతులు బెల్టుకు దూరంగా ఉండాలి. 0.3 వోల్టుల కంటే ఎక్కువ చూపితే ఆ దారిలో లోపం ఉంది. తర్వాత ఆల్టర్నేటర్ ఒంటికీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలవండి. అక్కడ 0.2 దాటకూడదు. ఈ రెండోది ముఖ్యం. ఎర్త్, అంటే ఆల్టర్నేటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కి ఉన్న ఈ దారి, చెడితే పాత పద్ధతి బల్బుకు రెండు కొసలూ కలిసే జారతాయి, తేడా పుట్టదు, దీపం నోరు విప్పదు. బ్యాటరీ మాత్రం రోజూ అర్ధాకలితో పడుకుంటుంది.

అతి తిండి కూడా ప్రమాదమే. 15 వోల్టులు దాటి అలాగే నిలిస్తే వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోయిందనుకోవాలి. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బినా ఇంజిన్ ఆపి దూరంగా జరగండి, దగ్గర నిప్పురవ్వ పడనివ్వద్దు. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి బ్యాటరీ కొలిస్తే 0.5 దాటకూడదు, దాటితే ఆల్టర్నేటర్ లోపల ఆ ఏసీని డీసీగా మార్చే డయోడ్ మీద అనుమానం పెట్టుకోండి. డయోడ్ లీకైతే రాత్రిళ్ళు బ్యాటరీని తాగేస్తుంది కూడా.

అయితే ఈ అంకెలను కొత్త కార్ల మీద గుడ్డిగా రుద్దకండి. వాటిలో ఇంజిన్ కంప్యూటరే ఆల్టర్నేటర్‌కి ఎంత పుట్టించాలో చెబుతుంది. నిండిన బ్యాటరీతో నిలకడగా పోతున్నప్పుడు ఇంధనం మిగల్చడానికి 12.8 దాకా దించేయవచ్చు. దాన్ని చూసి ఆల్టర్నేటర్ విప్పకండి. లైట్లు వేసి భారం పెంచి చూడండి, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చదివే కోడ్ రీడరు పెట్టి చూడండి.

ఇంకో అలవాటు మాన్పించాలి. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఆగలేదు, ఆల్టర్నేటర్ బాగుంది" అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. బ్యాటరీ లేని ఆ క్షణంలో వోల్టేజి పదుల వోల్టులు ఎగిరి కంప్యూటర్లను కాల్చేయగలదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అవుతుంది.

చార్జింగ్ అంతా బాగుండి, రెండు రోజులు నిలబెడితే బ్యాటరీ డౌన్ అవుతుంటే అది గాదె కింద పందికొక్కు. బండి తాళం వేసి, లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి అరగంటకు పైగా వదిలేసి, అప్పుడు కరెంటు కొలవండి. చాలా కార్లలో 50 మిల్లీఆంపియర్ల లోపు ఉండాలి. డిక్కీ లైటు ఆరకపోవడం, తర్వాత బిగించిన కెమెరా, స్టీరియో, అనుమానం వీటి మీద మొదలుపెట్టండి.

మాటలు చాలు. బయట ఒక కారు నిలబెట్టాం, అందులో కావాలనే ఒక లోపం పెట్టాను. ఇందాక నాలుగో వారు ఎక్కడున్నారు? మీరే రండి, మీటరు పట్టుకోండి. తాళం తిప్పండి, స్టార్ట్ చేయకండి. ముందు దీపం వెలుగుతుందో లేదో చూద్దాం.