160 కిలోమీటర్ల కోటకి రెండు మీటర్ల కంత

అందరికీ నమస్కారం.

ఎవరి బలం ఎంత అన్న గొడవ మన తెలుగువాళ్లకి కొత్త కాదు. కృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం వస్తే ఏమవుతుందో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు 'గయోపాఖ్యానం'లో చూపిస్తే, జనం ఊరూరా ఆ నాటకం ఆడించుకున్నారు. 1963లో కె.వి.రెడ్డి గారు అదే కథని సినిమాగా తీసి, కృష్ణుడిగా ఎన్టీఆర్‌నీ అర్జునుడిగా ఏయన్నార్‌నీ ఎదురెదురుగా నిలబెట్టారు. కాబట్టి అమెరికా అంతరిక్ష కథల్లో స్టార్ ట్రెక్ సీరియల్ గొప్పదా, స్టార్ వార్స్ సినిమాలు గొప్పవా అని బెంగళూరులో మనవాళ్లు ఆఫీసు క్యాంటీన్లలో, పీజీల మేడల మీద వాదించుకుంటుంటే అది కుర్రచేష్ట అని నేను అనను. చాలా మంచి వాదన అది. లెక్కలు వేసుకుని చేస్తే ఇంకా బాగుంటుంది.

ముందు బలం సంగతి చూద్దాం. 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాలో డెత్ స్టార్ అనే గోళంలాంటి అంతరిక్ష కోట ఒకే ఒక్క దెబ్బతో ఆల్డెరాన్ అనే గ్రహాన్ని తునాతునకలు చేస్తుంది. భూమి అంత గ్రహాన్ని పగలగొట్టి, ఆ ముక్కలు తమ ఆకర్షణకి మళ్లీ దగ్గరికి చేరకుండా చెదరగొట్టాలంటే ఎంత శక్తి కావాలో భౌతికశాస్త్రంతో లెక్కకట్టొచ్చు. మన సూర్యుడు దాదాపు వారం రోజులపాటు నాలుగు దిక్కులా వెదజల్లే శక్తి మొత్తం కావాలి. దాన్ని డెత్ స్టార్ రెప్పపాటులో ఖర్చు పెడుతుంది. స్టార్ ట్రెక్ ఓడ ఎంటర్‌ప్రైజ్ దీని ముందు ఏపాటిది? కాంతిని మించిన దాని వేగాన్ని వార్ప్ అంటారు. పాత సీరియల్ లెక్క ప్రకారం వార్ప్ 6 అంటే ఆరు ఘనం, కాంతివేగానికి 216 రెట్లు. ఆ వేగంతో సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరున్న నక్షత్రానికి వెళ్లడానికి వారం పడుతుంది. లక్ష కాంతి సంవత్సరాల వెడల్పున్న మన గెలాక్సీని దాటాలంటే నాలుగు వందల అరవై ఏళ్లకి పైనే. స్టార్ వార్స్ వాళ్లకి గెలాక్సీ ప్రయాణమంటే గంటల పని, మహా అయితే రోజుల పని.

అంటే వేగంలోనూ విధ్వంసంలోనూ గెలుపు స్టార్ వార్స్‌దే. నేను స్టార్ ట్రెక్ పక్షం మనిషిని, అయినా లెక్క లెక్కే.

కానీ ఒక్కటి గమనించండి. ఆ సినిమా చూసినవాళ్లలో డెత్ స్టార్ వ్యాసం 160 కిలోమీటర్లని ఎంతమందికి గుర్తుంటుంది? వేడి బయటికి పోవడానికి పెట్టిన ఆ రెండు మీటర్ల కంత మాత్రం అందరికీ గుర్తుంటుంది. హీరో లూక్ ఆ కంతలోకి గురి చూసి కొట్టే క్షణం కోసమే సినిమా అంతా నడుస్తుంది. ఆ కంత లేకపోతే అక్కడ కథే లేదు, ఒక పెద్ద ఇనప గోళం తప్ప. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక కల్పిత లోకం మనల్ని పట్టుకునేది తను చేయగలిగిన వాటితో కాదు, చేయలేని వాటితో.

ఈ విషయంలో ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నవల 'డ్యూన్'ని మించింది నాకు కనిపించలేదు. అందులో మనుషులు ఒంటి చుట్టూ ఒక శక్తి కవచం వేసుకుంటారు. వేగంగా వచ్చే దేన్నైనా అది ఆపేస్తుంది. తూటా పనిచేయదు. లేజర్‌తో కొడదామా అంటే, లేజర్ కవచానికి తగిలితే అణుబాంబు స్థాయిలో పేలుడు పుట్టి కొట్టినవాడూ పోతాడు, కొట్టించుకున్నవాడూ పోతాడు. ఇక మిగిలింది కత్తి. అది కూడా చివరి క్షణంలో నెమ్మదించాలి, అప్పుడే కవచంలోంచి లోపలికి దిగుతుంది. అందుకే కథానాయకుడు, కుర్రవాడైన పాల్‌కి గురువులు రెండు రకాల చేతివాటం నేర్పుతారు. కాచుకునేటప్పుడు మెరుపులా కదలాలి, పొడిచేటప్పుడు నిదానించాలి. నక్షత్రాల మధ్య తిరిగే జనం కత్తులతో ఎందుకు కొట్టుకుంటున్నారన్న ప్రశ్నకి ఆ ఒక్క కవచంతో జవాబు వచ్చేసింది.

అక్కడితో ఆగలేదు ఆయన. ఆలోచించే యంత్రాలని ఆ లోకం నిషేధించింది. కంప్యూటర్ లేదు కాబట్టి మనుషులే లెక్కల యంత్రాల్లా తయారవ్వాలి. ఓడకి దారి చూపే మనిషికి స్పైస్ అనే మసాలా కావాలి. ఆ మసాలా ఒకే ఒక్క ఎడారి గ్రహం మీద దొరుకుతుంది. దాంతో సామ్రాజ్యమంతా ఆ ఇసుక చుట్టూ తిరుగుతుంది. ఒక్క 'వద్దు' నుంచి ఇంత రాజకీయం అల్లడం మామూలు విషయం కాదు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అసిమోవ్ నవల 'ఫౌండేషన్' కూడా ఈ కోవలోదే. కోటానుకోట్ల జనం ఎటు పోతారో అందులోని శాస్త్రవేత్త హరి సెల్డన్ గణితం చెబుతుంది, ఒక్క మనిషి ఏం చేస్తాడో చెప్పలేదు. ఆ సందులోంచే మ్యూల్ అనే ఒక్క మనిషి వచ్చి మొత్తం తలకిందులు చేస్తాడు.

స్టార్ ట్రెక్‌ది వేరే దారి. మనుషులు మెరుపులా మాయమై గ్రహం మీద తేలే ట్రాన్స్‌పోర్టర్ ఉంది కదా, అది డబ్బు ఇబ్బందిలోంచి పుట్టింది. వారం వారం ఓడని గ్రహం మీద దించి చూపించడం తలకి మించిన ఖర్చు. ఆ లోకం అసలు బలం మాత్రం ఓడ నడిపే గదిలో ఉంది. 1966 నాటి అమెరికాలో ఒక నల్లజాతి స్త్రీ ఉహూరాగా, ఒక ఆసియా సంతతి నటుడు సులూగా అక్కడ ఆఫీసర్ల కుర్చీల్లో కూర్చున్నారు. మొదటి సీజన్ తర్వాత ఉహూరా పాత్రధారిణి నిషెల్ నికోల్స్ మానేద్దామనుకుంటే, ఆమెని ఉండమని నచ్చజెప్పింది మార్టిన్ లూథర్ కింగ్. తర్వాత 1970ల చివర్లో ఆమే నాసా తరఫున తిరిగి, స్త్రీలనీ నల్లవారినీ వ్యోమగాములుగా దరఖాస్తు చేయమని పిలిచింది. చిన్నప్పుడు ఉహూరాని చూస్తూ పెరిగిన మే జెమిసన్ 1992లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ అయింది. అక్కడ తన షిఫ్టుని ఉహూరా డైలాగ్‌తోనే మొదలుపెట్టేది. గ్రహాలని పేల్చే శక్తి కంటే నాకు ఇది ఎక్కువ బలంగా కనిపిస్తుంది. నేను స్టార్ ట్రెక్ పక్షాన నిలబడేది ఇందుకే.

ఇక మన బెంగళూరు సంగతి ఒకటి చెప్పాలి. మైసూరు రోడ్డు నుంచి బిడది దగ్గర లోపలికి వెళ్తే బ్యాలాలు అనే ఊరు వస్తుంది. అక్కడ ఇస్రో 32 మీటర్ల యాంటెన్నా ఉంది. 2014 సెప్టెంబర్ 24న మంగళయాన్ అంగారక కక్ష్యలోకి చేరేటప్పుడు అక్కడి నుంచి సిగ్నల్ ఇక్కడికి రావడానికి దాదాపు 12 నిమిషాలు పట్టింది. ఏదైనా తేడా వచ్చిందని మనకి తెలిసేసరికే అక్కడ జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది. అందుకే ఆదేశాలన్నీ ముందే పంపేశారు. ఇక్కడ కూర్చున్నవాళ్లు టెన్షన్‌తో ఎదురుచూడటమే. స్టార్ ట్రెక్‌లో చాలాసార్లు కెప్టెన్ తలుచుకుంటే హెడ్‌క్వార్టర్స్‌తో మాట్లాడేస్తాడు. ఆ 12 నిమిషాల దూరం ఉన్న మన నిజం లోకం నన్ను ఇంకా ఎక్కువ కట్టిపడేస్తుంది. మనలో ఎవరైనా తెలుగులో అంతరిక్ష కథ రాయాలనుకుంటే ఆ ఆలస్యాన్ని తీసేయకండి. ఇంట్లో వాళ్లతో ఫోన్‌లో మాట్లాడితే జవాబుకి దాదాపు పాతిక నిమిషాలు పట్టే మనిషి గురించి రాయండి.

'గయోపాఖ్యానం'లోనూ ఎవరి అస్త్రం పెద్దదన్నది అసలు సంగతి కాదు. గయుడనే గంధర్వుణ్ణి చంపుతానని కృష్ణుడి శపథం. విషయం తెలియకముందే కాపాడతానని అర్జునుడు ఇచ్చిన మాట. ఇద్దరికీ వెనక్కి తగ్గే దారి లేదు. అందుకే ఆ యుద్ధానికి అంత పట్టు.

ఇక మీ వంతు. ఏ లోకం తరఫున వాదిస్తారో వాదించండి. ఒక్కటే షరతు. మీ లోకంలో ఎంతటివాడైనా చేయలేని పని ఏమిటో ముందు చెప్పండి. ఆయుధాల లిస్టు ఆ తర్వాత.