మడ్డి కదలకుండా వంచడం
(జాతీయ విజ్ఞాన దినోత్సవ సభలో ఒక విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, ప్రధానోపాధ్యాయులకు, సాటి ఉపాధ్యాయులకు, విద్యార్థులకు నమస్కారం. 1928 ఫిబ్రవరి 28న వెల్లడైన రామన్ ఫలితాన్ని స్మరించుకొనే ఈ సభలో కాంతి గురించి చెప్పవలసిన నేను, బురదనీటి గురించి మాట్లాడడానికి మీ అనుమతి కోరుతున్నాను.

తేర్చడం, అంటే మడ్డిని అడుగుకు దిగనిచ్చి పైతేటను వంచుకోవడం గురించి బడిలో రెండు మాటలు చెప్పి, వెంటనే వడపోతకు వెళ్ళిపోతాం. మడ్డి దిగడానికి ఎంతసేపు పడుతుందో ఎవరూ అడగరు. 1851లో భౌతికశాస్త్రవేత్త స్టోక్స్ చెప్పిన సూత్రం ప్రకారం రేణువు వ్యాసం పదో వంతైతే అది దిగే వేగం నూరో వంతవుతుంది. కదలని మీటరు లోతు నీటిలో 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు రెండు నిమిషాల్లో అడుగుకు చేరితే, 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకు మూడు గంటలు, 0.001 మిల్లీమీటరు బంకమట్టి రేణువుకు పన్నెండు రోజులకు పైగా పడుతుంది. పైగా బంకమట్టి రేణువులన్నిటి మీదా రుణావేశమే ఉంటుంది కనుక అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయి.

అందుకే వరదల కాలంలో గోదావరి ఎర్రనీటిని కుండకెత్తినవారు లోపలి అంచుకు ఇండుపగింజను అరగదీసేవారు. ఆ గింజలోని పదార్థాలు రేణువులను గుంపు కట్టించి కిందికి దించుతాయి. పటిక చేసేదీ ఇంచుమించు అదే. ఇండుప పేరు తలచినంతనే నీరు తేటపడదని మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉంది. పేరు రాస్తే చాలు మార్కులు వేసే మన పరీక్షల తీరు ఆనాడే తెలిసినట్టుంది! తేటపడిన నీటిలో క్రిములు ఉండవచ్చు, కాచే తాగాలి.

నేను ఉద్యోగంలో ఉండగా తనిఖీకి వచ్చిన ఒక అధికారి, బల్ల మీది బీకర్లను చూసి, “పిల్లలు ఖాళీగా కూర్చున్నారేమిటి?” అన్నారు. “తేరుతోందండీ” అన్నాను. పీరియడు వృథా అయిందని రాసి వెళ్ళారు. అది వృథా ఎలా అవుతుందో మీరే చెప్పండి! ఫెర్రిక్ హైడ్రాక్సైడు వంటి జిగురు అవక్షేపాన్ని, అంటే ద్రావణంలో కరగకుండా ఏర్పడిన మడ్డిని, తొందరపడి వడపోత కాగితం మీద పోస్తే రంధ్రాలు పూడిపోయి సాయంత్రం దాకా చుక్క దిగదు. ముందు తేరనిచ్చి, గాజుకడ్డీని బీకరు మూతికి ఆనించి, దాని వెంట పైద్రవాన్ని ఒక్క ధారగా దించి, మడ్డి కదలబోయే క్షణాన ఆపి, వేడినీరు కలిపి మళ్ళీ తేరనిస్తే, నీటిలో కరిగి ఉన్న ఉప్పులు చాలావరకు కాగితం తాకకముందే పోతాయి. ఆపడం ఎప్పుడో చేతికి తెలియాలి. ఆ కాస్త నీటికీ ఆశపడితే అంతా మళ్ళీ కలుస్తుంది.

ప్రధానోపాధ్యాయుల వారికి ఒక్క విన్నపం: ప్రయోగశాలకు వారంలో ఒక్కసారైనా రెండు పీరియడ్లు వరుసగా కేటాయించండి, వాటిలో మొదటిది తేరడానికి వదిలేయండి.